తెల్లకాగితంలో మిఠాయి

మా పెదనాన్న లమ్ హాక్ సూయ్ పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. మిసిసిపీ ఒడ్డునున్న ఈ పత్తి ఊరికి మా వంశంలో మొదట వచ్చింది ఆయనే. మా నాన్నని చైనాలోని కాంటన్ నుంచి పిలిపించి, కొట్టు పెట్టించి, బేరం నేర్పిందీ ఆయనే. అయినా ఆయన మాట వస్తే చాలు, నాన్న లేచి త్రాసు తుడవడం మొదలుపెట్టేవాడు.

వచ్చిన కొత్తలో పెదనాన్నకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. గల్లా పక్కన పొడుగాటి కర్ర ఒకటి ఉంచేవాడు. కొనడానికొచ్చిన నల్లవాళ్ళు ఆ కర్రతో అలమరలో సరుకు చూపిస్తే తీసి ఇచ్చేవాడు. బట్టలుతికే లూవీనియా మాత్రం ఊరికే చూపించి వదిలేది కాదు. బెల్లంపాకం డబ్బా మీద కర్ర ఆనించి, "మొలాసిస్. అను చూద్దాం" అనేది. ఆయన తప్పు పలికితే కొట్టంతా నవ్వేది.

"నాలుక మడత విప్పవయ్యా! బట్టల్లా దాన్ని కూడా నేనే ఉతకాలా?"

ఎండాకాలం గడిచేసరికి ఆయనకి అలమరంతా నోటికొచ్చింది. మరుసటి ఏడు లూవీనియా వాళ్ళ చర్చిలో ఇద్దరికీ పెళ్ళయింది.

నాకు బడి వయసు వచ్చేసరికి గొడవ మొదలైంది. తెల్లవాళ్ళ బడిలో మాకు చోటు లేదు. నల్లవాళ్ళ బడికి పంపడం మావాళ్ళకి నామోషీ. మా కొట్లు నడిచేది వాళ్ళ వల్లే, మేం బతికేది వాళ్ళ వీధుల్లోనే, అయినా నామోషీ. చివరికి తెల్లవాళ్ళ బడి పెద్దలు ఒక మెలికపెట్టి ఒప్పుకున్నారు. నల్లవాళ్ళతో సంబంధం కలుపుకున్న ఇల్లు మాలో ఒక్కటున్నా ఎవరి పిల్లల్నీ చేర్చుకోరు.

నాన్న, మరికొందరు కొట్లవాళ్ళు కలిసి పెదనాన్న దగ్గరికి వెళ్ళారు. అక్కడ జరిగింది అమ్మ చెప్పగా విన్నాను.

"అన్నయ్యా, ఆవిణ్ణి పంపించెయ్. లేకపోతే నువ్వెవరో మేమెవరో" అన్నాడట నాన్న.

పెదనాన్న టీ పోస్తూ, "సరే. దారిన పోయేవాళ్ళకి కూడా నేను టీ ఇస్తాను. తాగి వెళ్ళండి" అన్నాడట.

ఎవరూ తాగలేదు. ఆ తర్వాత పెళ్ళిళ్ళకి గానీ, కొత్త సంవత్సరం విందులకి గానీ ఆయనకి పిలుపు లేదు. ఆయన్ని వెలివేసి నాకు అక్షరాలు చెప్పించారు. ఆ అక్షరాలతోనే దొరికిన చరిత్ర పుస్తకమల్లా చదివాను. మా పెదనాన్నలాంటివాడు ఎక్కడా కనపడలేదు. మా నాన్నలాంటివాళ్ళు మాత్రం పేజీకొకరు కనిపించారు.

పోయిన ఆగస్టులో పెదనాన్న చనిపోయాడు. చర్చి మనిషి ఏమస్ నాన్నకి కబురు తెచ్చాడు.

"లూవీనియా ఒకటే అడుగుతోంది సార్. మీరొచ్చి మిఠాయి తీసుకుంటే చాలట. పోయేముందు ఆయన కోరింది కూడా అదేనట."

మాలో పూడ్చిపెట్టాక, వచ్చినవాళ్ళకి తెల్లకాగితంలో చుట్టిన మిఠాయి ఇస్తారు. దాన్ని ఇంటి గడప తొక్కేలోగా తినెయ్యాలి. తినకుండా లోపలికి తెస్తే చావు వెంట వస్తుందంటారు. పారేస్తే పోయినవాణ్ణి పారేసినట్టే.

నాన్న బయలుదేరాడు. కారు నేను నడిపాను. నల్లవాళ్ళ శ్మశానం బయట, "ఇంజను ఆపకు" అన్నాడు. పాటలు అయిపోయేదాకా కారులోంచి దిగలేదు. చివరికి లూవీనియాయే బుట్ట పట్టుకుని మా దగ్గరికి వచ్చింది. అచ్చం మావాళ్ళు ఇచ్చినట్టే రెండు చేతులతో పొట్లం చాచింది.

"దిగనక్కర్లేదులే మరిదీ. తీసుకో, అంతే."

రోడ్డు మీద తెల్లవాళ్ళెవరైనా ఉన్నారేమోనని నాన్న అటూ ఇటూ చూశాడు. అద్దం సగం దించి, ఒంటిచేత్తో లాక్కున్నాడు. నేను దిగి తల వంచి, "పెద్దమ్మా" అన్నాను. అలా పిలవడం అదే మొదలు.

ఆమె నా భుజం తట్టింది. "వెళ్ళు నాయనా. మీ నాన్నకి చెమటలు పడుతున్నాయి" అంది.

దారంతా పొట్లం ఆయన పిడికిట్లోనే ఉంది. తినమంటే కిటికీలోంచి పత్తిచేలు చూస్తూ కూర్చున్నాడు.

కొట్టు తెరుస్తారేమోనని జనం మెట్ల మీద కాచుకుని ఉన్నారు. మా ఇల్లంటే కొట్టు వెనక గదులే. రెండింటికీ గడప ఒక్కటే. నాన్న దాని ముందు ఆగిపోయాడు. ఒక చేతిలో తాళంచెవి, రెండో చేతిలో పొట్లం.

"ఏంటి సార్, మీ తలుపు మీకే కొత్తా?" అంది పత్తి ఏరే ఎర్లీన్. తర్వాత ఆయన చేతికేసి చూసింది. "ఓహో, అదా! పొద్దున్న లూవీనియా పక్కన కూర్చుని నేనూ చుట్టాను. తినండి, విషమేం కలపలేదు."

ఎవరూ నవ్వలేదు. నాన్న పొట్లం విప్పబోయాడు. ఎండకి కరిగి కాగితానికి అంటుకుపోయింది. కాగితంతో సహా నోట్లో పెట్టుకున్నాడు.

"ఇప్పుడు చెప్పండి, లూవీనియా మీకేమవుతుంది?" అంది ఎర్లీన్.

నాన్న నములుతూనే ఉన్నాడు. అందరూ ఆగారు. ఆయన మింగి, తాళం తీశాడు.

ఆ పూట బేరం జరిగింది. కానీ కొట్లో ఒక్క మాట వినపడలేదు. ఎర్లీన్ ముందుకొచ్చి, పిండి బస్తా కేసి వేలు చూపించింది. ఆమె వెనకున్న ముసలాయన ఉప్పు కేసి చూపించాడు. సాయంత్రం దాకా ఒక్కొక్కరే వచ్చి, వేలితో అలమర చూపించి, కావలసింది తీసుకుని వెళ్ళిపోయారు.