సరోజక్క రోజుకో ఫైలు

ఇవాళ హనుమకొండ చౌరస్తాలో ఆటో దిగగానే పక్కనున్న జిరాక్స్ షాపులోంచి వేడి కాగితం వాసన తగిలింది. నడవబోయినదాన్ని నిలబడిపోయాను. సరోజక్క చేతులకు ఎప్పుడూ ఆ వాసనే ఉండేది.

ఆమె డీటీపీ సెంటరులో చాలా ఏళ్లు టైపు చేశాను. ఒకసారి ఓ రిటైర్డ్ పంతులుగారు, మా దగ్గరే టైపు చేయించుకున్న తన పుస్తకాన్ని సీడీలో తెచ్చారు. కొత్త కంప్యూటరులో ఆ పాత ఫాంటు లేదు. తెర నిండా అర్థంలేని గుర్తులు. "ఇది నేను రాసిందేనా బిడ్డా?" అన్నారాయన. ఆ మాట అక్కను చాలాకాలం వదల్లేదు. తన రాతలన్నీ నోట్‌ప్యాడ్‌లోకి, ఎక్కడైనా తెరుచుకునే మామూలు అక్షరాల్లోకి మార్చుకుంది. రోజుకో ఫైలు, ఆ రోజు తేదీయే దాని పేరు. షాపు తెరవగానే ముందు అది రాసేది. నన్నూ పక్కన కూర్చోబెట్టింది.

"ఏం రాయాలక్కా?"

"నిన్న ఏం జూసినవో అదే రాయి. సోకులు తర్వాత. ముందుగాల అక్షరం బతకాలె."

"రాసి ఏం జేస్తం?"

"ఎప్పుడన్న ఎతుక్కుంటం. ఒక్క మాట యాదికుంటె సాలు, ఆ దినమంత దొరుకుతది."

మా నాన్న పోయాక నా ఫైళ్లలో 'నాన్న' అని కొట్టి వెతికాను. నేను మరిచిపోయిన ఎన్నో మామూలు రోజులు వరుసగా వచ్చాయి. ఆ పూట పని మానేసి అవే చదువుకున్నాను.

తర్వాత అక్కకు పక్షవాతం వచ్చింది. కుడిచేయి పడిపోయింది, మాట పోయింది. దవాఖాన నుంచి ఇంటికి తెచ్చాక, ఒక పొద్దున లాప్‌టాప్‌లో ఆనాటి తేదీతో ఖాళీ ఫైలు తెరిచి ఆమె ముందు పెట్టాను. ఎడమచేత్తో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ చాలాసేపు కొట్టింది. "నీల్లు" అని వచ్చింది. ఆమె కూతురు లత గ్లాసు కోసం పరుగెత్తింది. నేను అలవాటుకొద్దీ ఆ తప్పు దిద్దబోయాను. అక్క నా మణికట్టు పట్టుకుని ఆపింది. ఆ పట్టులో కోపం లేదు. ఆ మాట తనది, అంతే.

అప్పటి నుంచి రోజూ ఫైలు ముందు కూర్చుంది. కొన్ని రోజులు ఒక్కటే మాట వచ్చేది, కొన్ని రోజులు ఏమీ వచ్చేది కాదు. ఆ ఖాళీ ఫైలును కూడా దాచమని కళ్లతో చెప్పేది. వానలు మొదలయ్యాక ఒక వాక్యం పూర్తిచేసింది.

"అమ్మ ఏమంటాందక్కా?" అని వంటింట్లోంచి అడిగింది లత.

"లత సరిగ తింటలేదు" అని చదివాను. లత వచ్చి తల్లి ఒళ్లో తలపెట్టుకుని ఏడ్చింది.

నోటి మాట తిరిగి రాకుండానే ఆ చలికాలంలో అక్క వెళ్లిపోయింది. నేను ఇప్పటికీ పొద్దున్నే తేదీ వేసి రాసుకుంటాను. ఆమె నాలో మిగిల్చింది మరొకటి కూడా ఉంది. ఎవరైనా మాట దొరక్క తడుముకుంటుంటే, ఆ మాట నాకు తెలిసినా అందించను. ఎదురుగా కూర్చుని, అది వాళ్ల దగ్గరికి వచ్చేదాకా ఆగుతాను.