డైనమో చీర

అమ్మ బీరువా తెరిస్తే ముందు కలరా ఉండల వాసన వస్తుంది, దాని వెనక పాత పట్టు వాసన, ఆ వెనకాల, చీర మడతకు ముక్కు ఆనిస్తే తప్ప తెలియనంత సన్నగా, గ్రీజు వాసన. పోయిన నెల ఒక ఆదివారం పొద్దున ఆ గ్రీజు వాసన తగలగానే నాకు ఒళ్ళు మండిపోయింది. హిందూపురంలో ఒక ఫంక్షన్ హాలు ముందు పాతకార్ల ప్రదర్శన పెట్టారు. ఒకప్పుడు మాదైన అమెరికా కారు అక్కడికి వస్తోందనీ, నాయన లేడు కాబట్టి ఆయన తరఫున అమ్మకు శాలువా కప్పుతామనీ కబురు పంపారు. చీర తియ్యమని అమ్మ నన్ను బీరువా దగ్గరికి పంపి, "కింది అరలోవి వద్దు పాపా, నూలుది తీ" అని వంటింట్లోంచే కేకేసింది. కింది అరలోవన్నీ ధర్మవరం పట్టుచీరలు. మా వీధిలో ఏ ఆడమనిషికీ అన్ని పట్టుచీరలు లేవు. వాటిలో ఒక్కటి కూడా మా అమ్మ కోసం కొన్నది కాదు.

ఆ కారును మా తాత, మైసూరు వైపు కాఫీతోటల దొర ఒకాయన దేశం విడిచి పోతుంటే కొన్నాడట. నాకు బుద్ధి తెలిసేసరికి తాత లేడు. పెనుకొండ దగ్గర చెనక్కాయ పండే ఎర్రనేల, హిందూపురంలో ఇల్లు, ఇంటి పక్క రేకుల షెడ్డులో ఆ కారు నాయన చేతికి వచ్చాయి. పడవంత పొడుగు, ముందూ వెనకా వెండిలా మెరిసే పట్టీలు, తలుపు తీస్తే పెట్రోలుతో కలిసి ముందురోజు పెండ్లిలో వాడిపోయిన మల్లెపూల వాసన. వెనకసీటులో మేం పిల్లలందరం వరసగా పడుకోవచ్చు, పడుకోనిస్తే. హిందూపురంలో పెద్దింటి పెండ్లంటే జంట మా కారులోనే ఊరేగాలి. నాయన బాడుగ తీసుకునేవాడు కాదు, తీసుకుంటే తనను డ్రైవరనుకుంటారని భయం. పెండ్లివాళ్ళు ఆయన్ను ముందువరసలో కూర్చోబెట్టి, తాంబూలం చేతికిచ్చి, పదిమందిలో 'కారు రెడ్డి' అని పిలిస్తే చాలు, మురిసిపోయేవాడు. ఆ మురిపెం కోసం మా ఇల్లంతా ఆ కారుకు ఊడిగం చేసింది.

ఆషాఢంలో పెండ్లిళ్ళుండవు కాబట్టి దానికి వైద్యం అప్పుడే. మా వైపు ఆషాఢంలో వాన రాదు, గాలి వస్తుంది. ఆ గాలి ఎర్రదుమ్మును ఎత్తి తెచ్చి సంగటి ముద్దలోనూ ఊరుబిండి పచ్చడిలోనూ పోస్తుంటే, నాయన షెడ్డు తలుపులు బిగించుకుని, మేం కప్పుకునే దుప్పటినే నేలమీద పరిచి, విప్పిన సామాను దానిమీద పేర్చేవాడు. అందులోంచి ఇనుప గుండ్లు రెండు దొంగిలించి మేం గోలీలాడితే వీపులు చిట్లేవి. అరిగిన సామాను మార్చాలంటే అలాంటి కారు చేయడం అమెరికాలోనే మానేసి ఎన్నో ఏళ్ళయింది. బెంగుళూరు గుజిరీ బజారులో పాత ఇనుము కుప్పలన్నీ కెలికి, చెప్పులరగదీసుకుని, నాయన ఉత్తచేతులతో వచ్చి ఆ కోపం మామీద చూపించేవాడు.

చివరికి ఆయన వెతికేది ధర్మవరంలో దొరికింది. అక్కడ ఒక పట్టుచీరల వ్యాపారికి అచ్చం అలాంటి కారే ఉండేది. ఆయన పోయాక అది పెరట్లో రేగుచెట్టు కింద మూలబడింది. చక్రాలు మట్టిలో దిగిపోయి, అద్దాల్లేని కిటికీల్లోంచి కోళ్ళు వస్తూ పోతూ, వెనకసీటు మీద గుడ్లు పెట్టుకునేవి. ఆ వ్యాపారి భార్య నరసమ్మ ఒంటిచేత్తో మగ్గాలు నడిపిస్తున్న గట్టిమనిషి. నాయన వెంట ప్యాసింజరు రైల్లో పోయిన రోజు ఆమె అన్న మాట నేను చెవులారా విన్నాను.

"మా ఇంటాయప్ప కారును పాత ఇనుముకు అమ్ముకునిందని ధర్మారమంతా చెప్పుకునేకి నేనింకా చావలేదప్పా. అమ్మేకి లేదు. మా ఇంట్లో చీర కొన్నోళ్ళు ఏమన్నా అడిగితే ఊరికే ఇస్తా, అది వేరే మాట."

నాయన చీర కొన్నాడు. రంగు చూడలేదు, అంచు చూడలేదు, కట్టుకునే మనిషిని తలుచుకోనైనా లేదు. నరసమ్మ చేతికి ఏది వస్తే దాన్ని సంచిలో వేయించుకుని, రెంచి పట్టుకుని పెరట్లోకి పరుగెత్తాడు. బానెట్టు కింద కోడి పొదుగుతోంది. "పిల్లలు దిగేదాకా బండి ముట్టుకునేకి లేదు" అని నరసమ్మ అరుగుమీంచే చెప్పింది. అన్నం కాస్త ఆలస్యమైతే కంచం విసిరికొట్టే మా నాయన, ఆ కోడి ముందు గంగిరెద్దులా తలూపి ఇంటికొచ్చి, పిల్లలు దిగాక మళ్ళీ పోయాడు. మళ్ళీ పోయినందుకు మళ్ళీ ఒక చీర.

అలా వచ్చాయి మా ఇంటికి పట్టుచీరలు. నెమలికంఠం రంగుది డైనమో, అరటిపువ్వు రంగుది స్టీరింగు, మామిడిపిందెల అంచుది తలుపు పిడి. చీరా ఇనుమూ ఒకే సంచిలో వచ్చేవి కాబట్టి డైనమో చీర కొంగుకు నల్లటి మరక అంటుకుంది, కుంకుడురసంలో ఎంత నానబెట్టినా వదల్లేదు. అమ్మ ఆ మరకను లోపలికి మడిచి కట్టుకునేది. కుళాయి దగ్గర ఆడవాళ్ళు ముక్కున వేలేసుకునేవాళ్ళు. "ఏం పుణ్యం చేసుకుంటివోమ్మే, మీ ఇంటాయప్ప ధర్మారం పోతే చీర లేకుండా రాడే!" అనేది పక్కింటి రామక్క. "చీర కాదక్కా అది, డైనమో" అనేది అమ్మ. వాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు. అమ్మ నవ్వేది కాదు.

ధర్మవరంలో ఊడదీసిన సామాను పెనుకొండలో రైలు దిగేది. అక్కడ కోటగోడ పక్కన బాబయ్య మామకు షెడ్డు ఉండేది. తురకలైనా వాళ్ళు మాకు మామా అత్తలే, రంజానుకు వాళ్ళింటి నుంచి సేమ్యా వచ్చేది, ఉగాదికి మా ఇంటి నుంచి ఓళిగలు పోయేవి. గేరు చక్రాల అరిగిన పళ్ళకు ఇత్తడి పోసి, ఆకురాయితో రుద్ది, బాబయ్య మామ ఎలాగో ఆ కారును నడిపించేవాడు. నాయన మొహం మీద నిజం చెప్పే ధైర్యం ఉన్నదీ ఆయనకే. "ఊరోళ్ళ కోడండ్లనంతా తిప్పుతాండావు, మా చెల్లెల్ని ఒగసారి పెనుకొండ దాకా తీసకరాకూడదేమప్పా?" అని ఒకసారి నా ఎదురుగానే అడిగాడు. "ఉత్తపుణ్యానికి తిప్పితే స్ప్రింగులు కూలబడతాయి. మళ్ళా యాడ తెచ్చేది?" అన్నాడు నాయన. అవును, మా అమ్మ ఆ కారు ఎక్కలేదు. పెండ్లయి వచ్చినప్పుడు అది పాడై ఉంది, బాగయ్యాక ఊరివాళ్ళదైపోయింది.

ఆయుధపూజకు దాన్ని కడిగి తోమే పని మాత్రం అమ్మదే. హిందూపురంలో చింతపండుకు కొరతేముంది, గుప్పిళ్ళతో పిసికి ఆ వెండి పట్టీలన్నీ మొహం కనబడేదాకా తోమేది, చేతులు పుళ్ళు పడేవి. బంతిపూలు కట్టి, బూడిదగుమ్మడికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాక, వీధి పిల్లలందరికీ బొరుగులూ పుట్నాలూ బెల్లం పంచేవాళ్ళం. నాయన స్టీరింగు ముందు కూర్చుని, నిమ్మకాయలు నలిగేంత దూరం నడిపి మళ్ళీ షెడ్డులో పెట్టేవాడు. ఆ కాస్త దూరానికి మమ్మల్నీ ఎక్కించుకునేవాడు. అమ్మ హారతి పళ్ళెం పట్టుకుని ఎదురుగా నిలబడేది.

ఒక వైశాఖంలో, నడి మధ్యాహ్నం, అమ్మ పుట్టినూరు రొళ్ళ నుంచి మనిషి వచ్చాడు. మా అవ్వకు, అమ్మను కన్నతల్లికి, గుటక దిగడం లేదనీ, కూతుర్ని చూడాలని కలవరిస్తోందనీ చెప్పాడు. మరుసటి రోజు పెండ్లికోసం తుడిచిన కారు షెడ్డులో సిద్ధంగా ఉంది. ఎన్నడూ ఏదీ అడగని అమ్మ షెడ్డు గుమ్మంలోకి పోయి అడిగింది.

"ఈ ఒక్కసారి తియ్యి. మా యమ్మను చూసుకునొస్తా."

"రేపు పెండ్లి పెట్టుకోని ఇప్పుడు మడకశిర రోడ్డు గుంతల్లో తిప్పమంటావా? యాడన్నా ఇరిగితే ఆ సామాను ఈ జన్మలో దొరకదు. బస్సుకు పోమ్మే, అంతలోకే చేరతావు."

అమ్మ షెడ్డు గుమ్మం దిగింది. నా చెయ్యి పట్టుకుని బస్టాండుకు నడిచింది. మడకశిరలో బస్సు మారాలి. అక్కడ రేకుల నీడలో, ఆ వేడిలో, రొళ్ళ బస్సు ఎంతకీ రాలేదు. అమ్మ కూర్చోలేదు, నీళ్ళు తాగలేదు, రోడ్డు వైపు చూస్తూ నిలబడింది. మేం చేరేసరికి అవ్వను చేనుకు తీసుకుపోయి మట్టిచేసి వచ్చారు. ఇంటి ముందు నీళ్ళు చల్లి ఉన్నాయి. మా మేనమామ అమ్మను చూసి, "ఇంట్లో కారు పెట్టుకోని ఇంత సేపామ్మే?" అన్నాడు. ఆ మాటకు అమ్మ తలెత్తలేకపోయింది. ఆ ప్రశ్న అడగాల్సింది ఆమెను కాదు. ఇన్నేళ్ళయినా నా కడుపుమంట చల్లారలేదు.

మరుసటి రోజు హిందూపురం బజారులో మా కారు పూలు కట్టుకుని ఊరేగింది. ఆ తర్వాత కూడా నాయన ధర్మవరం పోయాడు, చీరలు తెచ్చాడు. అమ్మ వాటి మడత విప్పలేదు, తెచ్చినవి తెచ్చినట్టే కింది అరలో పెట్టింది. ఎందుకు కట్టుకోవని ఆయన ఒక్కసారీ అడగలేదు. అడగని మనిషిని నేను ఇప్పటికీ క్షమించలేను. ఆయన పోయాక మా అన్న ఆ కారును బెంగుళూరు ఆసామికి అమ్మేశాడు.

ప్రదర్శన రోజున మైకులో ఎవరో నాయన్ను ఆకాశానికెత్తుతున్నారు. అమెరికా బండిని కంటికి రెప్పలా కాపాడిన మహానుభావుడట. నేను పళ్ళు నూరుకుంటూ కారు చుట్టూ తిరిగాను. లోపల కొత్త తోలు వాసన. నరసమ్మ ఇచ్చినవీ బాబయ్య మామ పోతపోసినవీ తీసి పారేశాననీ, ఇప్పుడు ఫోన్లో చెబితే అమెరికా నుంచే కొత్త సామాను వస్తోందనీ ఆసామి గర్వంగా చెప్పాడు. ధర్మవరంలో ఆ పెరడు లేదు, అక్కడ మిద్దెలు లేచాయి. పెనుకొండ షెడ్డు లేదు, బాబయ్య మామా లేడు. శాలువా కప్పాక ఆసామి తనే వెనక తలుపు తీసి, "ఫోటోకు ఒకసారి కూర్చోండమ్మా" అన్నాడు.

అమ్మ చెప్పులు విడిచి ఎక్కింది. సీటు చివర ఒదిగి కాదు, నడిమధ్యన కూర్చుంది. ఫోటో తీశారు. స్టీరింగు దగ్గర కూర్చున్న కుర్రాడితో అమ్మ మామూలుగా, ఆటోవాడికి చెప్పినట్టే, "రొళ్ళకు పోనీప్పా" అంది. అందరూ నవ్వారు. "దీన్ని రోడ్డుమీద తిప్పమమ్మా, లారీలో తెచ్చినాం, లారీలోనే తీసకపోతాం" అన్నాడు ఆసామి.

"ఇంత దుడ్లు పోసి బాగు చేసుకునింది చూసేకేనా?" అంది అమ్మ.

ఆసామి నవ్వు తగ్గింది. వెనక ఫోటోలకు జనం నిలబడి ఉన్నారు. "ఇంక దిగండమ్మా" అన్నాడు.

"రొళ్ళలో దిగుతా."

రొళ్ళలో మా అవ్వ ఇల్లు కూలి చాలాకాలమైంది, ఆ సంగతి నాకన్నా అమ్మకే బాగా తెలుసు. ఆసామి నావైపు చూశాడు, చెప్పమన్నట్టు. నేను తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాను.