ట్రైలర్ నెడుతోందన్నాడు తమ్ముడు

నా చదువు ఊరి బడిలో అయిదో తరగతితో ఆగింది. అయినా బ్రేకుల పనిలో నా తర్వాతే ఎవరైనా అని పెద్ద పెద్ద షెడ్ల వాళ్లే ఒప్పుకున్నారు. సొంత షెడ్డు పెట్టాను. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఇవాళ నలుగురికి పని ఇస్తున్నారు. వీటన్నిటికంటే నేను గొప్పగా చెప్పుకునేది నా తమ్ముడి గురించి. వాడి చేతికి స్టీరింగు ఇచ్చింది నేనే. అద్దాల లోడుతో ఉన్న ట్రైలర్‌ని వాడు ఆపితే వెనక ఒక్క పలక కూడా కదిలేది కాదు. అందుకే లారీల వాళ్లు వాణ్ణి 'నిదానం' అని పిలిచేవారు.

ఆ నిదానం ఒకరోజు షెడ్డుకొచ్చి, "అన్నా, ట్రైలర్ నెడుతోంది. బ్రేకు వేస్తే వెనకనుంచి ఎవడో తోసినట్టుంది," అన్నాడు. అప్పటికే గోడౌను గేటును గుద్దాడు. ఇంకోసారి తేడా వస్తే బండి మీంచి దింపేస్తానని ఓనరు చెప్పేశాడు. వాడికి డ్రైవింగు తప్ప మరో పని రాదు.

"నేనుండగా నీకెందుకురా బెంగ?" అన్నాను.

లారీకీ ట్రైలర్‌కీ మధ్యనున్న గాలి పైపులకు సబ్బునీళ్లు రాశాను. ఒక్క బుడగా రాలేదు. రెండింటినీ కలిపే చోట లూజు లేదు. చక్రాల డ్రమ్ములు విప్పి చూస్తే బ్రేకు లైనింగులు అరగలేదు, మందంగానే ఉన్నాయి. కాసేపు బ్రేకులు వేయిస్తూ నడిపించి, ప్రతి చక్రం దగ్గరా చెయ్యి పెట్టాను. బ్రేకు పట్టని చక్రం చల్లగా ఉంటుంది, పట్టేసి వదలనిది కాలిపోతుంది. అన్నీ ఒకేలా వెచ్చగా ఉన్నాయి. చివరికి నేనే నడిపాను. గీత గీసినట్టు ఆగింది.

"నీకు ఆగుతుందిలే. దానిక్కూడా నేనంటే లోకువే," అని నవ్వాడు తమ్ముడు.

పక్క సీట్లో కూర్చుని వాణ్ణి నడపమన్నాను. షెడ్డు వెనక ఖాళీ స్థలంలో ఆపమంటే, ఆ చోటు దాటిపోయి గోడ ముందు ఆగాడు.

"చూశావా, ఎలా నెట్టిందో!"

నేను ట్రైలర్‌ని చూడలేదు. వాడి పాదాన్నే చూస్తున్నాను. అది పెడల్ అంచు మీద పడి, జారి, మళ్లీ తడుముకుంది.

"కుడికాలి చెప్పు ఏదిరా?"

"కాలికే ఉంది కదన్నా."

చెప్పు క్యాబిన్ తలుపు దగ్గర బోర్లా పడి ఉంది.

వాడు కిందికి చూశాడు. "షుగరు వల్ల తిమ్మిరన్నాడు డాక్టరు. అంతే కదా అనుకున్నా," అన్నాడు. తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు. "బ్రేకులే బాలేవని ఓనరుకు చెప్పన్నా. నీ మాటకు తిరుగుండదు. మెల్లగా నడుపుకుంటా."

నా మాటకు తిరుగులేదు, నిజమే. ఆ పేరు తెచ్చుకోవడానికే నా జీవితమంతా పట్టింది. రోడ్డు మీద వాడికి ఎదురొచ్చేవాళ్లు నా కళ్లముందు మెదిలారు. వాడు వింటుండగానే ఓనరుకు ఫోను చేసి, "బండి భేషుగ్గా ఉంది. మావాణ్ణి మాత్రం ఎక్కించకండి," అన్నాను. వాడు తాళాలు సీటు మీద పెట్టి, ఒక్క చెప్పుతోనే దిగి వెళ్లిపోయాడు.

"అందరి బండ్లూ బాగుచేసిన చేత్తోనే మా పొయ్యి ఆర్పేశారు బావగారూ," అంది మరదలు.

పోయిన స్పర్శ ఇక రాదన్నాడు డాక్టరు. షెడ్డులో కూర్చుని సామాను చూసుకోమని నేనంటే, "నీ దయ నాకక్కర్లేదు," అన్నాడు తమ్ముడు. నేను వాళ్ల గడపలో అడుగుపెడితే గోడవైపు తిరిగి పడుకుంటాడు. నిన్న వెళ్లేసరికి దుప్పటి తొలగి ఆ పాదం బయటికి ఉంది. బొటనవేలు నొక్కాను. కదల్లేదు. ఇంకా గట్టిగా నొక్కాను. ఎవరొచ్చారో చూడ్డానికైనా వాడు తల తిప్పలేదు.