ఖాజా భాయి అరచేతిలో గ్రీజు

ఇప్పుడే రాయకపోతే రేపటికల్లా నాకు నేనే సర్దిచెప్పుకుంటానని భయం. అందుకే ఈ పోస్టు రాస్తున్నాను.

పటాన్‌చెరులోని మా బేరింగుల కంపెనీలో, గ్రీజులో చేరిన దుమ్ము ఎలా కదులుతుందో కంప్యూటర్లో లెక్కగట్టడం నా పని. పాడైన ఒక బేరింగులో దుమ్మంతా అంచునే ఉంది. బయటి నుంచి వచ్చిందైతే లోపలంతా పాకేదని, కాబట్టి ఇది గ్రీజు పెట్టిన చేతి నుంచి అంచు లోహానికే అంటుకుపోయిన మురికని పోయిన వారం రిపోర్టు ఇచ్చాను. ఆ చెయ్యి ఖాజా భాయిది. ఆయనకు మెమో వచ్చింది.

ఈ రోజు ఆయన నన్ను పిలిచి, అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని, దాని అంచున చిటికెడు ఇనుప రజను చల్లి చెయ్యి వంచారు. రజను కదల్లేదు.

“సూడు బేటీ, పడ్డకాడనే కూసుంది. నీ కంప్యూటర్ల గిదెట్ల ఉరికింది?”

వెళ్లి నా లెక్క చూసుకుంటే, గ్రీజును నేను నూనెలా పారనిచ్చాను. సరిదిద్దితే బయటి దుమ్ము కూడా అంచునే ఆగిపోయింది.

“మాఫ్ చెయ్యి భాయ్” అన్నాను.

“నాకెందుకు చెప్తవ్? మెమో ఇచ్చిన సార్‌కు చెప్పు.”

కూలి చేసుకుని బతికిన మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటిదాన్ని నేనే. అయినా పనిచేసే చేతినే ముందు అనుమానించాను.

తప్పు నాదేనని మేనేజరుకు రాసిచ్చాను. అయినా మెమో రద్దు కాలేదు, శనివారం ఖాజా భాయికి విచారణ ఉంది. నన్ను తిట్టాలనుకునేవాళ్లు ఆదివారం దాకా ఆగండి. మెమో రద్దు కావాలంటే ఇంకేం చేయాలో తెలిసినవాళ్లు మాత్రం శుక్రవారంలోగా చెప్పండి.