ఆల్రిక్ ఇంట మోగిన తాషా

దూరపు దీవిలోని సెడ్రోస్ రేవులో జమాల్ అంటే, మెడలో డప్పు వేసుకుని కర్రలతో తాషా వాయించే జమాలే. పగలు సముద్రం మీద చేపలవేట. పెళ్లిళ్లకి ఒక దరువు, మొహర్రానికి ఇంకొకటి. ఈ రెండోది శోకం దరువు. అమరుడైన ప్రవక్త మనవడు హుసేన్ కోసం తప్ప దాన్ని ఎక్కడా మోగించకూడదని తండ్రి చెప్పి నేర్పాడు.

పడవలో అతనికి తోడు ఆల్రిక్. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల మునిమనవడు. ఏటా మొహర్రం ఊరేగింపు వెంట ఆల్రిక్ ఆడుతూ నడిచేవాడు. జమాల్‌కి ఒళ్లు మండేది.

"ఒరే, అది ఏడుపురా! కార్నివాల్ కాదు."

"ఏడుస్తూనే ఉన్నాగా."

"కాళ్లతోనా?"

"నువ్వు చేతుల్తో ఏడవట్లేదూ?"

వెటకారమనుకున్నాడు జమాల్.

వానాకాలంలో జ్వరం ముదిరి ఆల్రిక్ పోయాడు. మర్నాడు అతని భార్య ఇస్మే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"జమాలన్నా, ఇవాళ సాయంత్రం శవజాగారం. నువ్వొచ్చి వాయించాలి. ఆయనే అడిగాడు."

"ఏం వాయించమన్నాడమ్మా?"

"ఏటా మీ వెనక నడిచేవాడే, ఆ దరువు."

ఆమె వెళ్లాక తాషా బృందానికి పెద్ద అయిన అన్న హనీఫ్ విరుచుకుపడ్డాడు. "మొహర్రం కాని రోజున, మనవాడు కానివాడికి ఆ దరువా? మతి పోయిందా నీకు?"

జమాల్ తాషా భుజానికెత్తుకున్నాడు.

ఆల్రిక్ పెరట్లో మంట దగ్గర తాషా తోలు బిగిసేలా కాచి మొదలుపెట్టాడు. నాలుగు దెబ్బలు పడ్డాయో లేదో, ఆల్రిక్ తమ్ముళ్లిద్దరూ మధ్యలోకి దూకి ఎదురెదురుగా కాళ్లు మెలివేస్తూ ఆడసాగారు. ఆడవాళ్లు చప్పట్లు అందుకున్నారు. జమాల్‌కి కోపమొచ్చింది. కర్రలు దించేసేవాడే.

అప్పుడు ఇస్మే కనపడింది. తనూ ఆడుతోంది. కన్నీళ్లు గడ్డం దాకా కారుతున్నా తుడుచుకోవడం లేదు. ఆ దరువులో ఒక బరువైన దెబ్బ ఉంది. అక్కడే మొహర్రంలో అందరూ గుండెలు బాదుకుంటారు. సరిగ్గా అక్కడ పడుతోంది ఆమె పాదం. ఎవరూ చెప్పలేదు ఆమెకి.

వాళ్లు అలిసిపోయేదాకా జమాల్ ఆపలేదు.

ఆ ఏడాది హనీఫ్ అతన్ని బృందంలోకి రానివ్వలేదు. మరుసటేడు పిలిచాడు గానీ, మాటలు మాత్రం పొడిపొడిగానే. ఈలోగా చుట్టుపక్కల ఊళ్లైన ఇకాకోస్ నుంచీ బొనాస్ నుంచీ చావు జరిగిన ఇళ్లవాళ్లు కబురంపడం మొదలైంది. పోయింది ఏ మతంవాడని జమాల్ అడిగేవాడు కాదు. ముక్కూమొహం తెలియని మనిషైతే మాత్రం, ముందు ఇంటివాళ్ల పక్కన కూర్చుని అతని సంగతులు చెప్పించుకునేవాడు. తర్వాతే తోలు కాచేవాడు.