చెప్పుకోలేని చోట

మావారికి పోర్టులో ఉద్యోగం. పెళ్ళయిన ఏడాదికి కృష్ణా జిల్లా నుంచి విశాఖపట్నం వచ్చాం. ఎనభైల మొదట్లో, నాకు ముప్పై ఎనిమిదేళ్ళప్పుడు, దొడ్డికి వెళితే రక్తం పడటం మొదలైంది. వేడి చేసిందిలే అంది అత్తగారు. మజ్జిగ తాగాను. సబ్జా గింజలు నానబెట్టుకుని తాగాను. మొలలేమోనని ఎవరో ఇచ్చిన పొడి కూడా మింగాను. అలా ఏడాది గడిచింది. మావారికి చెప్పలేదు. ఆ చోటు గురించి మగవాడితో ఎలా మాట్లాడాలో నాకు తెలియదు.

ఒక మధ్యాహ్నం వంటింట్లో కళ్ళు తిరిగి పడ్డాక పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరు చేతికి తొడుగు వేసుకుని పరీక్ష చేశారు. ఎన్నాళ్ళ నుంచి అని అడిగితే ఏడాది అన్నాను. ఆయన మావారిని బయటికి పిలిచారు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. పేగు చివర క్యాన్సర్.

ఆపరేషన్‌లో ఆ భాగం తీసేసి, పేగు కొసను పొట్టకు ఎడమ పక్కన బయటికి తెచ్చి కుట్టారు. ఇక మలం అక్కడి నుంచే, ఒక సంచిలోకి. దాన్ని ఎలా కడగాలో, ఎలా కట్టుకోవాలో నర్సు చూపించింది, నేర్చుకున్నాను. నేను ఏడుస్తానని అందరూ కనిపెట్టుకుని ఉన్నారు. ఏడుపు రాలేదు. ఇంటికొచ్చాక కూడా అంతే. పొద్దున్నే లేచి సంచి కడిగేదాన్ని, తర్వాత బియ్యం కడిగేదాన్ని. ఆరేసిన బట్టల మీద పోర్టు నుంచి వచ్చే ఇనప ఖనిజం దుమ్ము ఎర్రగా పడితే దులిపి మడతపెట్టేదాన్ని. చూడటానికి వచ్చినవాళ్ళతో మావారు పేగు ఆపరేషన్ అని మాత్రం చెప్పేవారు. అసలు మాట మా ఇంట్లో ఎవరూ పలకలేదు.

జాలరిపేట నుంచి ఒకామె మా వీధికి చేపలు తెచ్చేది. నాకంటే పదేళ్ళు పెద్ద. అక్కడివాళ్ళు అక్కను పిలిచినట్టే అప్పా అని పిలిచేదాన్ని. నా ఆపరేషన్ అయిన రెండేళ్ళకు, మా వెనక గుమ్మంలో వంజరం చేప కోస్తూ, తలెత్తకుండా అంది.

"అమ్మా, నాకూ రగతం పడతంది. మూడు నెల్లయింది. మా ఆయనకి కూడా సెప్పనేదు."

"నేనూ అలాగే చెప్పలేదు అప్పా" అని, చీర పక్కకు జరిపి పొట్ట చూపించాను. మావారూ, ఆసుపత్రివాళ్ళూ తప్ప ఎవరూ చూడనిది.

ఆమె చాలాసేపు చూసింది. "నొప్పెడతాదా?"

"లేదు. ఏమీ తెలియదు."

"నాను రానమ్మా. బట్ట తియ్యమంటారు."

"తియ్యమంటారు. కాసేపే. నేను పక్కనే ఉంటాను."

మర్నాడు ఆమె బుట్ట లేకుండా వచ్చింది. ఇద్దరం బస్సెక్కి వెళ్ళాం. గొట్టం పెట్టి చూస్తున్నంతసేపూ నా మణికట్టు పట్టుకునే ఉంది. లోపల చిన్న కండ పెరిగిందన్నారు. దాన్ని తీసేసి పరీక్షకు పంపారు. వారం తర్వాత ఫలితం చెప్పారు: ఇంకా క్యాన్సర్ కాలేదు, వదిలేస్తే అయ్యేదే. తిరుగు బస్సులో ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకు సంతోషం కలగాలి కదా అనుకున్నాను. దాహం మాత్రం వేసింది. ఇంటికొచ్చి రెండు గ్లాసుల నీళ్ళు తాగి పప్పు పొయ్యి మీద పెట్టాను.

ఆ తర్వాత నుంచి అడిగినా అడగకపోయినా చెప్పడం మొదలుపెట్టాను. రేషన్ షాపు దగ్గర, కుళాయి దగ్గర. వేడి కావచ్చు, మొలలే కావచ్చు, కానీ ఆ మాట డాక్టరు చూసి చెప్పాలి అనేదాన్ని. ఒకే కడుపున పుట్టాం, నువ్వూ చూపించుకో అని అన్నయ్యకు ఉత్తరం రాశాను. జవాబులో పంటల సంగతులు రాశాడు. మళ్ళీ రాశాను. మూడో ఉత్తరానికి వెళ్ళి చూపించుకున్నాడు, ఏమీ లేదన్నారు. కొందరు ఆడవాళ్ళు నన్ను చూసి పక్కకు తప్పుకునేవారు. కొందరు మాత్రం సందు మలుపులో ఆగి, గొంతు తగ్గించి అడిగేవారు.

ఒక వేసవిలో చేపలామె తన చెల్లెల్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ చెల్లెలు గుమ్మం బయటే తల వంచుకుని నిలబడింది. ఏమిటని నేను అడగలేదు. పొయ్యి ఆర్పి, చెప్పులు వేసుకున్నాను.