చేపలు తేలిన పొద్దు

నడిగూడెంలో అత్తమ్మ పేరున ఉన్న ఒక్క ఎకరాన్నీ చేపల గుంట చేయించింది నేనే. ఊరంతా వద్దంది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. గుంట మీద గుంజలు పాతించి కోళ్ల షెడ్డు వేయించాను. కోళ్ల పెంట నీళ్లలో పడితే నాచు పెరుగుతుంది, దానితో చేపలు పెరుగుతాయి. "నీ ఇష్టం పిల్లా" అంది అత్తమ్మ. ఆ ఎకరం పోతే మాకింకేమీ లేదు.

మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు తెల్లవారుతుండగా, గుంటలో ఈదడానికని పెంచుతున్న బాతుల గూడు తలుపు తీశాను. రోజూ ఒకదాన్నొకటి తోసుకుంటూ నీళ్లలోకి దూకేవి. ఆ పొద్దు కట్ట మీదే నిలబడిపోయాయి. ఒక్కటీ అరవలేదు. 

అప్పుడు వినిపించింది, చప్ చప్‌మని. గుంట నిండా నోళ్లు. నీటి పైన తెరుచుకుంటూ, మూసుకుంటూ. ఆకలేమో అనుకుని, మిర్యాలగూడ మిల్లు నుంచి తెచ్చిన తవుడు బకెట్టెడు చల్లాను. ఒక్క చేపా కదల్లేదు. తవుడు వాటి నోళ్ల మీదే పడి తడిసింది. వంగి ఒక బొచ్చె చేపను పట్టుకుంటే చేతిలో అలాగే ఉండిపోయింది, నన్నే చూస్తూ. భయమేసి వదిలేశాను.

అత్తమ్మ వెనక నుంచి వచ్చి చూసింది.

"ఆకలి కాదే. ఊపిరాడుతలేదు వాటికి. జల్ది మోటర్ ఎయ్యి!"

చీర ఎగ్గట్టి నడుము లోతు నీళ్లలో దిగి, రెండు చేతులతో నీళ్లు కొట్టడం మొదలుపెట్టింది. చేపలు బెదరలేదు. ఆమె ఒంటికి ఆనుకునే నోళ్లు తెరిచాయి. నేను బోరు పైపు ఎత్తిపట్టి నీళ్లు పై నుంచి పోశాను. ఎండ వచ్చేదాకా ఆగలేదు. నోళ్లు ఒక్కొక్కటే లోపలికి పోయాయి. సగానికి పైగా బతికాయి, మిగతావి తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలాయి.

ముసురు రోజుల్లో పెంట ఎక్కువైతే నీళ్లలో గాలి తగ్గిపోతుందని తర్వాత తెలిసింది. ముందురోజు షెడ్డు ఊడ్చి, ఉన్న పెంటంతా గుంటలోకి తోసింది కూడా నేనే. నా మీద నాకే అసహ్యమేసింది.

అత్తమ్మ కట్ట మీద కూలబడింది.

"మీకెలా తెలిసింది అత్తమ్మా?" అడిగాను.

 ఆమె నోరు తెరిచి గాలి కోసం వెతుక్కుంది.

"నెల రోజులసంది నాకు గిట్లనే అయితాంది పిల్లా. చెప్పినప్పుడల్లా, తింటలేవని నువ్వు అన్నమే పెడ్తున్నవ్."